క్లాన్‌మక్‌నాయిజ్‌ వెళ్తే మూడు గంటలు చేతిలో పెట్టుకుని వెళ్ళండి

ఐర్లాండ్‌లో ఉన్న మనవాళ్ళు వీకెండ్ ట్రిప్ అనగానే క్లిఫ్స్ ఆఫ్ మోహర్ అంటారు, లేదంటే గ్లెండలాక్ అంటారు, రెండూ బాగుంటాయి, నేనేం కాదనను, కానీ నన్నడిగితే ముందు క్లాన్‌మక్‌నాయిజ్ వెళ్ళమంటా. ఆఫలీ కౌంటీలో షానన్ నది ఒడ్డున ఉన్న పాత క్రైస్తవ మఠం ఇది, ఇప్పుడు మిగిలినవి కప్పుల్లేని గుళ్ళు, శిలువలు, రెండు రౌండ్ టవర్లు, చుట్టూ సమాధులు. నేను రెండుసార్లు వెళ్ళా. మొదటిసారి డబ్లిన్ నుంచి టూర్ బస్సులో, రెండోసారి సెప్టెంబర్లో సొంత కార్లో, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మని, మా ఎనిమిదేళ్ళ పాపని తీసుకుని. ఈ రెండిటికీ ఎంత తేడా ఉందో చెబుదామనే రాస్తున్నా.

టూర్ బస్సు వాళ్ళు ఒకేరోజు మూడు ఊళ్ళు చూపిస్తామన్నారు, ఇక్కడ ఇచ్చింది నలభై నిమిషాలు. అందులో టాయిలెట్ లైన్లో పది నిమిషాలు పోయాయి. మిగతా అరగంటలో బయట నిలబెట్టిన శిలువల ముందు ఫోటోలు దిగి బస్సెక్కేశాం. అవి నకళ్ళనీ, అసలువి లోపల విజిటర్ సెంటర్లో ఉన్నాయనీ ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. అంత దూరం వెళ్ళి అసలుది చూడకుండా వచ్చామా అని చాలా రోజులు బాధగా ఉండేది. కంపెనీ పేరు చెప్పను, చాలా టూర్లు ఇలాగే ఉంటాయి, బుక్ చేసేముందు ఒక్కో చోట ఎంతసేపు ఆపుతారో మాత్రం అడిగి చూసుకోండి.

సొంత కారుంటే డబ్లిన్ నుంచి రెండు గంటలు. అథ్‌లోన్ దాకా మోటార్‌వే, అక్కడి నుంచి దక్షిణంగా ఎన్62 మీద బాలినహౌన్ దాకా వచ్చి కుడివైపు తిరగాలి, ఆ తర్వాత చిన్న రోడ్డు. ఊళ్ళు తక్కువ, పొలాలు, బురద నేలలు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే పక్కకి తీసి ఆగాలి. బస్సుల మీద ఆధారపడి వెళ్ళే చోటు కాదు. పార్కింగ్ బానే ఉంది. కారు దిగగానే ఒకవైపు గుట్ట మీద కూలిపోయిన కోట ఒకటి కనిపిస్తుంది, గోడలు ఒరిగిపోయి ఇప్పుడో ఇంకాసేపటికో పడేట్టుంటాయి, అది 1200ల మొదట్లో, ఇంగ్లండ్ నుంచి దండెత్తి వచ్చిన నార్మన్లు కట్టింది. మా పాప మఠం అంటే అదే అనుకుంది.

టికెట్ పెద్ద ఖరీదేం కాదు, ప్రభుత్వం వాళ్ళే నడుపుతారు, ఇలాంటి ప్రభుత్వ స్థలాలన్నిటికీ పనిచేసే హెరిటేజ్ కార్డు ఉంటే అదే చాలు. లోపలికెళ్ళగానే చిన్న వీడియో వేస్తారు, అది వదలకండి, ఎందుకంటే బయటికెళ్ళాక ఏ గోడ ఏమిటో దాన్ని బట్టే అర్థమవుతుంది.

అసలు ఈ మూల ఇంత పెద్ద మఠం ఎందుకు వచ్చిందనేది నాకు బాగా నచ్చిన విషయం. మంచుయుగంలో గ్లేసియర్ల కింద పారిన నీళ్ళు ఇసుక, గులకరాళ్ళు వదిలేసి పొడుగాటి గట్లు వేశాయి, వాటిని ఎస్కర్ అంటారు. చుట్టూ కాలు పెడితే దిగబడే నేల, కాబట్టి పాతకాలంలో ఐర్లాండ్‌ని తూర్పు నుంచి పడమర దాకా దాటాలంటే ఆ గట్టు మీదే దారి. ఉత్తరం నుంచి దక్షిణానికేమో షానన్‌లో పడవలు. ఆ రెండు దారులూ కలిసే రేవు ఇది. ఇప్పుడు ఎక్కడో విసిరేసినట్టు కనిపిస్తుంది గానీ అప్పట్లో దేశం నడిమధ్య జంక్షన్. నది అడుగున డైవర్లకి ఓక్ కొయ్యల వంతెన దొరికితే చెట్టు వలయాలు లెక్కపెట్టి అది 804లో కట్టిందని తేల్చారు. మఠం పెట్టింది 544 ప్రాంతంలో, కీరాన్ అనే సన్యాసి. రథాలు చేసే వడ్రంగి కొడుకు. మొదటి గుంజ పాతేటప్పుడు డియర్మిడ్ అనే రాజకుమారుడు చెయ్యి వేశాడనీ, నువ్వు రాజువవుతావని కీరాన్ అతనికి చెప్పాడనీ కథ. పాపం కీరాన్ ఎక్కువ కాలం బతకలేదు, ప్లేగు వచ్చి ముప్పై మూడేళ్ళకే పోయాడంటారు. ఆయన పోయినా చోటు మాత్రం పెరిగి పెరిగి ఊరంత అయింది, 1179లో నిప్పంటుకుంటే 105 ఇళ్ళు కాలాయని రాసుకున్నారంటే ఎంత జనం ఉండేవాళ్ళో చూడండి.

ఇంక ఆ శిలువల గది. దీనికోసం ఒక్కదానికే వెళ్ళొచ్చు. క్రాస్ ఆఫ్ ద స్క్రిప్చర్స్ అనేది ఒకే ఇసుకరాయిలో చెక్కింది, దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు, అన్ని వైపులా గళ్ళు గళ్ళుగా బొమ్మలు. చేతులు రెండూ కొద్దిగా పైకి లేచినట్టుంటాయి, అది దగ్గరగా నిలబడి చూస్తేనే తెలుస్తుంది. దాని కింద ఫ్లాన్ అనే రాజు పేరు, కోల్మాన్ అనే మఠాధిపతి పేరు చెక్కి ఉన్నాయి, ఈ ఇద్దరే 909లో బయటున్న పెద్ద గుడి కట్టించారు. ఒక గడిలో ఇద్దరు మనుషులు కలిసి ఒక కర్ర పట్టుకుని నేలలో పాతుతున్నట్టు ఉంటుంది, అది కీరాన్, డియర్మిడ్‌ల కథేనని చాలామంది అంటారు. గదిలో లైట్లు తక్కువ పెట్టి పక్క నుంచి వెలుగు పడేట్టు చేశారు, దాంతో అరిగిపోయిన బొమ్మలు కూడా తేలి కనపడతాయి. ఎండకీ వానకీ ఇంకా అరిగిపోతున్నాయని 1990లలో ఇవి లోపలికి తెచ్చి బయట నకళ్ళు పెట్టారు. మా అమ్మ చిన్నప్పుడు స్కూలు వాళ్ళతో లాంచీలో నాగార్జునకొండ వెళ్ళింది, "అక్కడ కూడా నీళ్ళలో మునిగిపోతాయని తీసి కొండమీద పెట్టారుగా, ఇక్కడ వానకి పోతాయని లోపల పెట్టారా" అంది. నిజమే, నాకు తట్టలేదు ఆ పోలిక.

ఆ పక్క గదిలోనే సమాధి పలకలున్నాయి. ఈ మఠంలో మొత్తం ఏడొందల పైన దొరికాయి, అంత పాతవి అన్ని ఒకేచోట పశ్చిమ యూరప్‌లో ఇంకెక్కడా లేవు. చాలావాటి మీద మధ్యలో ఒక శిలువ, పక్కన రెండు మూడు మాటలు. అమ్మ ఏం రాశారురా అని అడిగింది, బోర్డు చూసి చెప్పా, "ఫలానావాడి కోసం ఒక ప్రార్థన" అని. అంతే, ఇంకేం లేదు. వెయ్యేళ్ళ కిందటివాడి పేరు, దారిన పోయేవాళ్ళు నాకోసం ఒకసారి తలుచుకోండని అడగడం. మా అమ్మ ప్రతి పలక దగ్గరా ఆగి పేరు చదివించుకుంది, నాకు ఐరిష్ పేర్లు పలకడం రాదు, అయినా వచ్చినట్టు చదివా. ఈ గదిలోనే మాకు ముప్పావుగంట పట్టింది.

బయటికొచ్చాక మొదట గాలి. షానన్ మీద నుంచి అడ్డం లేకుండా కొడుతుంది, సెప్టెంబర్లో కూడా స్వెటర్ మీద జాకెట్ కావాలి. నేల అంతా గడ్డి, ఎగుడుదిగుడు, తడి, పెద్దవాళ్ళని తీసుకెళ్తే చెప్పులు వద్దు, గ్రిప్ ఉన్న షూస్ వేయించండి. అమ్మకి మోకాళ్ళ నొప్పులున్నా నెమ్మదిగా నడిచేసింది, మెట్లూ ఎక్కుళ్ళూ పెద్దగా లేవు.

పెద్ద గుడికి ఉత్తరం వైపు వాకిలి ఒకటుంది, 1460 ప్రాంతంలో పెట్టింది, పైన ముగ్గురు సెయింట్ల బొమ్మలు, వాకిలి అంచు చుట్టూ లోతుగా గాళ్ళు. ఒక చివర గాడిలో నోరు పెట్టి గుసగుసగా మాట్లాడితే రెండో చివర చెవి పెట్టినవాళ్ళకి స్పష్టంగా వినిపిస్తుంది, మధ్యలో నిలబడ్డవాళ్ళకి ఏమీ వినపడదు. కుష్ఠురోగులు ఫాదర్‌కి దూరంగా నిలబడి తమ పాపాలు చెప్పుకోవడానికి ఇది వాడేవారని అంటారు. మా పాప ఒకవైపు, వాళ్ళ నానమ్మ ఒకవైపు నిలబడ్డారు. నేను మధ్యలో ఫోన్ పట్టుకుని ఉన్నా. అమ్మ చెవి పెట్టి వింది, కాసేపు అక్కడ నుంచి కదల్లేదు. ఏమందే అనడిగితే "నానమ్మా, నువ్వు ఊరెళ్ళిపోతే నాకు జడ ఎవరు వేస్తారు" అందట. ఇంకో పన్నెండు రోజుల్లో అమ్మ ఫ్లైటు. నాకైతే ఆ వీడియోలో గాలి శబ్దం తప్ప ఏం రికార్డవలేదు.

అదే గుళ్ళో నిలబడి ఇంకో విషయం గుర్తు చేసుకోండి. ఐరిష్ భాషలో కథలున్న చేతిరాత పుస్తకాల్లో ఇప్పటిదాకా మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది ఈ మఠంలో రాసిందే, దాన్ని గోధుమరంగు ఆవు పుస్తకం అంటారు, కీరాన్ ఆవు తోలుతో చేశారని నమ్మకం. రాసినవాళ్ళలో మేల్ మురా అనే ఆయన్ని 1106లో దోపిడీకొచ్చినవాళ్ళు రాతిగుడి నడుమనే చంపేశారు. పుస్తకం మాత్రం బతికింది, డబ్లిన్‌లో రాయల్ ఐరిష్ అకాడమీలో ఉంది. ఈ చోటుని వైకింగులు దోచారు, ఐరిష్ రాజులే దోచారు, నార్మన్లు దోచారు, చివరికి 1552లో అథ్‌లోన్ కోటలో ఉన్న ఇంగ్లీషు సైన్యం వచ్చి గంటలు, పుస్తకాలు, కిటికీ అద్దాలతో సహా పట్టుకుపోయింది. ఆ తర్వాత మఠం మళ్ళీ లేవలేదు. గుడి లోపల ఆకాశం కనపడుతుంటే గడ్డి మీద నిలబడి ఇదంతా చెప్తే అమ్మ ఏమీ మాట్లాడలేదు, గోడ మీద చెయ్యి పెట్టి నిలబడింది.

పక్కనే అన్నిటికన్నా చిన్న గుడి, టెంపుల్ కీరాన్. ఆయన్ని పూడ్చింది ఇక్కడే అని నమ్మకం. లోపల నేల బయటకన్నా పల్లంగా ఉంటుంది, కారణం ఏంటంటే వందల ఏళ్ళు రైతులు ఇక్కడి మట్టి గుప్పెడు తీసుకెళ్ళి పొలం నాలుగు మూలలా వేసుకునేవాళ్ళు, పంటకి తెగులు రాదని. ఈ మాట చెప్పగానే అమ్మ తల ఊపింది, ఆవిడకి ఇంకేం వివరించక్కర్లేకపోయింది. నాలుగెకరాలు కౌలుకి చేసి మమ్మల్ని పెంచిన మనిషి. ఇప్పుడైతే మట్టి తీయకూడదు, దయచేసి ఎవరూ ముట్టుకోవద్దు.

రౌండ్ టవర్లు రెండు. పెద్దది ఓరూర్క్ టవర్, 1124లో పూర్తయింది, పదకొండేళ్ళకే 1135లో పిడుగు పడి తల ఎగిరిపోయింది, ఇప్పుడున్నది పంతొమ్మిది మీటర్లు. రెండోది నది వైపు చిన్న గుడికి అతుక్కుని ఉంటుంది, దీని కొప్పు అలాగే ఉంది, రాళ్ళు చేపముల్లు అల్లికలా పేర్చారు. పిడుగు పడి రాలిన రాళ్ళే దీనికి వాడారని కూడా అంటారు. రెండూ బయటి నుంచి చూడటమే. ఐర్లాండ్ మొత్తానికీ చివరి పెద్ద రాజు రోరీ ఓకానర్‌ని 1198లో పూడ్చింది కూడా ఇక్కడే, తండ్రి పక్కన.

ఇక్కడిదాకా చూసి అందరూ వెనక్కి తిరిగిపోతారు, మా టూర్ బస్సు కూడా అంతే. మీరు తిరగొద్దు. తూర్పు వైపు పాత సమాధులు దాటి పాతకాలపు యాత్రికుల దారి పట్టుకుని అర కిలోమీటరు నడవండి, నన్స్ చర్చ్ వస్తుంది. మేం వెళ్ళినప్పుడు అక్కడ మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు, గోడ అవతల ఆవులు. వాకిలి, లోపలి కమాను మిగిలాయి, కమాను నిండా జిగ్‌జాగ్ చెక్కుళ్ళు, జంతువుల తలలు, చిన్న చిన్న ముఖాలు, అంత పని చేసినవాడు ఎవడో పేరు కూడా లేదు. దీన్ని 1167లో పూర్తి చేయించింది డెర్వోర్గిల్లా అనే రాణి. 1152లో లెన్‌స్టర్ రాజు డియర్మిడ్ మక్‌మరో ఆవిడని భర్త దగ్గర్నుంచి ఎత్తుకుపోయాడు, తర్వాత రాజ్యం పోగొట్టుకున్న అదే రాజు నార్మన్లని ఐర్లాండ్‌కి పిలిపించాడు, దాంతో దేశం పోవడానికి ఈవిడే కారణమని తరతరాలుగా జనం ఆవిడ్నే తిట్టుకున్నారు. ఇద్దరు రాజుల గొడవకి ఆడమనిషి మీద నింద. నాకది ఎప్పటికీ న్యాయంగా అనిపించదు. ఆ కమాను కింద నిలబడితే మాత్రం ఆవిడ కట్టించింది చూసి ఆవిడ గురించి ఆలోచిస్తాం, ఆ రాజు గురించి కాదు.

తిండి మీరే తెచ్చుకోండి. చుట్టుపక్కల హోటళ్ళు లేవు, ఏడు కిలోమీటర్ల అవతల షానన్‌బ్రిడ్జ్ ఊళ్ళో ఏదైనా దొరుకుతుంది, అథ్‌లోన్‌లో అయితే అన్నీ ఉంటాయి. మేం పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళి కార్లో కూర్చుని తిన్నాం. టాయిలెట్లు విజిటర్ సెంటర్లోనే, శుభ్రంగా ఉన్నాయి, నన్స్ చర్చ్ వైపు వెళ్ళేముందే పిల్లల్ని తీసుకెళ్ళండి. మూసే టైముకి గంట ముందే టికెట్లు ఆపేస్తారు, చలికాలంలో ఇంకా తొందరగా మూస్తారు, కాబట్టి పొద్దున్నే బయల్దేరితే మంచిది. నాకు నచ్చనిది ఒకటే, బయట గుళ్ళ దగ్గర బోర్డులు బాగా తక్కువ, గైడెడ్ టూర్ దొరికే టైముకి వెళ్ళకపోతే సగం సంగతులు తెలియకుండానే పోతాయి. అందుకే అయిదుకి నాలుగున్నర ఇస్తున్నా.

సెప్టెంబర్ 9 కీరాన్ పండగ, ఆ దగ్గర్లో వచ్చే ఆదివారం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ ఇక్కడికొచ్చి ప్రార్థన చేసుకుంటారు. మేం వెళ్ళింది ఆ ముందు వారం. ఒక పెద్దాయన చిన్న కత్తెర పట్టుకుని ఒక సమాధి చుట్టూ గడ్డి కత్తిరిస్తున్నాడు, మమ్మల్ని చూసి లేచి పలకరించి, వాళ్ళ అమ్మదట, పండక్కి బాగుచేస్తున్నానన్నాడు. నేను తెలుగులో చెప్తే మా అమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుని అటువైపు గడ్డి పీకడం మొదలుపెట్టింది. భాష రాకపోయినా ఇద్దరూ పావుగంట అలాగే పని చేశారు, మా పాప కత్తిరించిన గడ్డంతా ఎత్తి గోడ పక్కన పోసింది.