తుప్పు పట్టిన క్లిక్కర్, ‘ప్చ్’ అనే అత్తయ్యగారు

కుక్కకు బుద్ధులు నేర్పడానికి వాడే ఈ క్లిక్కర్‌కు, కొన్న నెలలోపే ఐదు స్టార్లు ఇచ్చి తెగ పొగిడేశాను. ఇప్పుడు ఏడాదిన్నర అయింది. ఆ పొగడ్తల్లో కొన్ని అలాగే ఉంచుతాను, కొన్నింటి గురించి మాత్రం కాస్త చెప్పాలి.

అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బీ, లోపల ఓ రేకు ముక్క, నొక్కితే ‘టిక్’. నేను మురిసిపోయింది ఆ శబ్దానికే. మా పండు లాబ్రడార్, 31 కిలోలు. ఇంటికి ఎవరొచ్చినా రెండు కాళ్లూ ఎత్తి గుండెల మీద పెట్టాల్సిందే. ప్రేమే, కాదనను. కానీ అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయి వచ్చిన కొత్త, వాడు తోక ఊపుతూ ఆవిడ వైపు నడిస్తేనే నాకు టెన్షన్. పట్టించుకోకుండా వెనక్కి తిరిగి నిలబడమన్నారు కొందరు. తిరిగితే వీపెక్కాడు. మోకాలితో ఒక్కటివ్వమన్నారు ఇంకొందరు. ఆ పని నావల్ల కాలేదు.

క్లిక్కర్ కిటుకల్లా సమయంలోనే ఉంది. నాలుగు కాళ్లూ నేల మీదున్న క్షణాన టిక్, వెంటనే ఉడికించిన చికెన్ ముక్క, సెనగగింజంత. డాల్ఫిన్లకు నేర్పేవాళ్లు ఈల వాడేదీ ఇందుకేనట. గాల్లో ఎగిరిన డాల్ఫిన్ నోటికి ఆ క్షణాన చేప అందించలేరు కదా, ‘ఇదే, ఈ ఎగురుడుకే నీకు చేప’ అని ఈల చెబుతుంది. 1960ల్లో హవాయిలో డాల్ఫిన్లతో పనిచేసిన కారెన్ ప్రయర్ ఆ తర్వాత ఈ పద్ధతిని కుక్కల వాళ్లలో బాగా ప్రచారం చేశారు. డాల్ఫిన్‌కు ఎగిరినందుకు చేప, మా వాడికి ఎగరనందుకు చికెన్.

మొదట్లో నేను చేసిన తప్పు మీరు చేయకండి. వాడు ఎగిరి, కాళ్లు దించగానే టిక్ అనిపించేదాన్ని. దిగినందుకు మెచ్చుకుంటున్నానని నా లెక్క. వాడి లెక్క వేరు. ఎగరాలి, దిగాలి, నా వైపు చూడాలి, చికెన్ తినాలి. మూడు వారాలకు ఎంత చక్కగా నేర్చుకున్నాడంటే, ఇంటికి ఎవరూ రాకపోయినా వచ్చి నా మీద కాళ్లేసి, దిగి, కూర్చుని నోరు తెరిచేవాడు! ఆ తర్వాత పద్ధతి మార్చాను. మనిషి ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే, వీడి కాళ్లు లేవకముందే టిక్. ముక్క చేత్తో పెట్టడం మానేసి నేల మీద వేశాను. తల కిందికి వంచిన కుక్క ఎగరలేదు. రెండు నెలలకు గ్యాస్ సిలిండర్ అబ్బాయి భయం లేకుండా గేటు దాటాడు. నేను ఐదు స్టార్లు ఇచ్చింది ఆ ఊపులోనే.

ఇక తుప్పు సంగతి. మాది విశాఖలో సముద్రానికి దగ్గరి ఇల్లు. ఏటా రంగు వేయకపోతే కిటికీ ఊచలే పొరలు పొరలుగా ఊడొస్తాయి, ఇక ఈ రేకెంత? గేటు పక్కన మేకుకు తగిలించి ఉంచడం నా తెలివితక్కువతనమే, ఒప్పుకుంటాను. మా ఆడపడుచు అత్తగారు పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన రోజు, ఆవిడ గేటు తీస్తుండగా నొక్కాను. ‘క్చ్’. మళ్లీ నొక్కాను. బొటనవేలు లోపలికి దిగిందిగానీ చప్పుడు లేదు. పండు ఒకసారి నా వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, అంతే! నెమలికంఠం రంగు పట్టుచీర మీద రెండు బురద పంజాలు. “పర్లేదులేమ్మా” అన్నారు ఆవిడ. ఎలా అన్నారో మీరు ఊహించుకోండి. రేకును గరుకు కాగితంతో రుద్ది చూశాను, రెండు రోజులు పలికి మళ్లీ మూగబోయింది.

కొత్తది వచ్చేదాకా పది రోజులు నోటితోనే నెట్టుకొచ్చాను. నాలుక అంగిలికి కొట్టి ‘ట్చ్’ అనడం, చికెన్ వేయడం. రెండో రోజుకే వాడికి అర్థమైపోయింది. చేతికి పని కూడా తగ్గింది. ఒక చేతిలో గొలుసు, ఇంకో చేతిలో ముక్కల డబ్బా ఉంటే క్లిక్కర్‌కు మూడో చెయ్యి కావాలి. ఈ మాట నా పాత సమీక్షలో రాయలేదు, రాయాల్సింది.

అసలు తమాషా ఆ వారమే జరిగింది. అత్తయ్యగారు రోజూ సాయంత్రం వాళ్ల చెల్లెలితో ఫోన్లో మాట్లాడతారు. ఊళ్లో వాళ్ల కష్టాలన్నీ అప్పుడే వస్తాయి కాబట్టి నిమిషానికో ‘ప్చ్’ పడుతుంది. పండు ఎక్కడున్నా పరుగెత్తుకెళ్లి ఆవిడ ముందు బుద్ధిగా కూర్చుని మొహంలోకి చూడటం మొదలెట్టాడు. “చూడమ్మా, ఎంత మనసున్న జీవమో, నా బాధ వీడికి తెలుస్తోంది” అని కళ్లు తుడుచుకుని మారీ బిస్కెట్ విరిచి పెట్టారు. అసలు సంగతి వారం దాకా చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? మోకాలి ఆపరేషన్ అయిన మనిషి ముందు 31 కిలోల కుక్క రాయిలా కూర్చుంటోంది. నేను రెండు నెలలు తంటాలు పడి నేర్పిన దానికంటే ఇదే గట్టిగా నిలబడింది.

అయితే ‘ప్చ్’కు ఒక చిక్కుంది. మా ఇంట్లో కూరలో ఉప్పెక్కువైనా ప్చ్, కరెంటు పోయినా ప్చ్. ప్రతి ప్చ్‌కూ ముక్క పడదు కదా. నెల తిరిగేసరికి వాడు సగం సార్లు తలెత్తి చూసి మళ్లీ పడుకుంటున్నాడు. క్లిక్కర్ శబ్దం ఇంట్లో ఇంకెక్కడా రాదు, దాని విలువంతా అక్కడే. అందుకే రెండోది కొన్నందుకు విచారం లేదు. ఇప్పుడది మేకుకు లేదు, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంది. తీసేలోపు చుట్టం లోపలికి వచ్చేస్తున్నాడు, అది వేరే సంగతి.

కొనమంటారా అంటే, నాకు పనికొచ్చింది. నేను ఇంటి నుంచే పనిచేస్తాను, రోజుకు నాలుగైదుసార్లు గేటు దగ్గర నిలబడే తీరిక ఉంది. పొద్దున వెళ్లి రాత్రి వచ్చేవాళ్లకు, సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఇదే మాట చెప్పలేను. ఆ ఐదు స్టార్లను మూడున్నర చేసుకోండి.

పాలాయన మీదకు మాత్రం పండు ఇప్పటికీ ఎగురుతాడు. అలా ఎగిరినప్పుడల్లా ఆయన జేబులోంచి బిస్కెట్ తీసి పెడతాడు. వద్దని మూడుసార్లు చెప్పాను. “పోనీలేమ్మా, చిన్నపిల్లాడు” అంటాడు.