తణుకులో మా సందు చివర గుడ్ల హోల్‌సేల్ కొట్టు, 4/5 ఇస్తా

2025 ఫిబ్రవరిలో వేల్పూరు కోళ్లకి బర్డ్ ఫ్లూ అని భోపాల్‌లోని పశురోగాల ల్యాబ్ తేల్చాక మేమంతా గుడ్డంటేనే హడలిపోయాం కదా, అప్పుడు ఈ కొట్టాయన ఓపిగ్గా చెప్పాడు, రోగం బయటపడ్డ ఫారం నుంచి కిలోమీటరు లోపలైతే కోళ్లే కాదు గుడ్లూ మేతా కూడా నాశనం చేసెయ్యాలి, 10 కిలోమీటర్ల దాకా నిఘా, పశువుల అంటురోగాల మీద వచ్చిన 2009 చట్టంతో సర్కారుకి రాకపోకలు ఆపే పవర్ కూడా ఉందండీ అని. తన సరుకు ఎక్కడిదో అడక్కుండానే బిల్లు చూపించాడు, అది నచ్చింది నాకు. పగిలిన గుడ్లు పక్కన పెట్టేస్తాడు, అమ్మడు. ట్రేలు మాత్రం పాతవే తిప్పుతున్నాడు, రెట్టలంటుకుని ఛీ, అందుకే ఒక స్టార్ కోశా. ఆమ్లెట్ బాగా కాల్చుకోండి, పచ్చసొన కారేలా వద్దు.