పెద్ద క్యాడ్ మోడళ్ల కోసం ‘56 థ్రెడ్ల’ పాత వర్క్‌స్టేషన్ కొనబోయేవారికి హెచ్చరిక

క్యాడ్ (కంప్యూటర్‌పై డిజైన్ చేసే) సాఫ్ట్‌వేర్ అయిన సాలిడ్‌వర్క్స్‌లో పెద్ద అసెంబ్లీలు (అనేక విడిభాగాలు కూర్చిన మోడళ్లు) నత్తనడక నడుస్తున్నాయని కొత్త యంత్రం కోసం చూస్తున్నవారు, రీఫర్బిష్డ్ (వాడినవాటిని సరిచేసి మళ్లీ అమ్మే) సర్వర్ ప్రాసెసర్లతో కూర్చిన ‘క్యాడ్ వర్క్‌స్టేషన్ల’ విషయంలో జాగ్రత్త వహించవలసిందిగా మనవి. మాది కన్వేయర్లు డిజైన్ చేసే చిన్న కార్యాలయం. మా అసెంబ్లీల్లో వేలాది విడిభాగాలు ఉంటాయని హైదరాబాద్‌లోని ఒక విక్రేతకు రాతపూర్వకంగా తెలిపి, అందుకు తగిన యంత్రం అడిగాము. ఆయన ఇచ్చిన దానిలో రెండు ఇంటెల్ జియాన్ ఈ5-2680 వి4 ప్రాసెసర్లు, అంటే మొత్తం 28 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 56 థ్రెడ్లు (ఒకేసారి నడవగల పనుల వరుసలు) ఉన్నాయి. ఇన్ని కోర్లుంటే ఎంత పెద్ద మోడలైనా ఇట్టే తెరుచుకుంటుందని హామీ కూడా ఇచ్చారు. తీరా చూస్తే మా పాత డెస్క్‌టాప్ కంటే ఇదే నెమ్మది.

పారామెట్రిక్ మోడల్‌లో (కొలత మారిస్తే ఆకారం తానే మారే మోడల్‌లో) ప్రతి ఫీచరూ, అంటే నిర్మాణంలోని ప్రతి దశా, తనకు ముందున్న వాటిపై ఆధారపడుతుంది. స్కెచ్ తేలనిదే ఎక్స్‌ట్రూడ్ (స్కెచ్‌ను ఘనాకారంగా సాగదీయడం) లేదు, ఎక్స్‌ట్రూడ్ తేలనిదే ఫిల్లెట్ (అంచును గుండ్రంగా చేయడం) లేదు. అందువల్ల రీబిల్డ్ (మోడల్‌ను మళ్లీ లెక్కించి కట్టడం) చాలావరకు ఒకే కోర్ మీద వరుసగా సాగుతుంది, మిగతా కోర్లు చూస్తూ కూర్చుంటాయి. 2016 నాటి ఈ ప్రాసెసర్ మూల వేగం 2.4 గిగాహెర్ట్జ్, టర్బోలో గరిష్ఠంగా 3.3 మాత్రమే. నేటి సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఒక్కో కోర్ 5 గిగాహెర్ట్జ్ దరిదాపులకు వెళ్తుంది, పైగా అదే గిగాహెర్ట్జ్‌కు ఎక్కువ పని చేస్తుంది. రీబిల్డ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిస్తే మొత్తం వాడకం రెండు మూడు శాతం దగ్గరే కనిపించడానికి కారణం ఇదే. రెండరింగ్‌కూ, కొన్ని రకాల సిమ్యులేషన్లకూ ఇటువంటి యంత్రం పనికివస్తుందన్నది నిజమే కానీ, మేము అడిగినది వాటికోసం కాదు. ఈ ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక మద్దతు జాబితాలో లేదన్న సంగతినీ విక్రేత చెప్పలేదు.

కొటేషన్‌లో ‘ప్రొఫెషనల్ గ్రాఫిక్స్ కార్డు’ అని రాసి, లోపల బిగించినది మాత్రం జీఫోర్స్ గేమింగ్ కార్డు. మామూలుగా ప్రొఫెషనల్ కార్డులతోనే వచ్చే రియల్‌వ్యూ (మోడల్‌ను నిజమైన వస్తువులా చూపే సదుపాయం) పనిచేసేలా విండోస్ రిజిస్ట్రీలో మార్పు చేసి ఉండటంతో పైకి తేడా తెలియలేదు. జీఫోర్స్ పనికిరాదని నేను అనను. సాలిడ్‌వర్క్స్ ధ్రువీకరించిన కార్డుల జాబితాలో లేని దానిని ఆ పేరుతో అమ్మడమే అభ్యంతరకరం.

ఫిర్యాదు చేసినప్పుడు జరిగినది ఇంకా ఘోరం. ‘పెర్ఫార్మెన్స్ ట్యూనింగ్’ పేరిట అదనపు రుసుము తీసుకుని, రిమోట్‌గా లోపలికి వచ్చి, లార్జ్ అసెంబ్లీ సెట్టింగులు (పెద్ద మోడళ్లలో కొన్ని వివరాలు తగ్గించి వేగం పెంచేవి) ఆన్ చేసి, ఇమేజ్ క్వాలిటీ తగ్గించారు. ఇవి సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న ఉచిత సదుపాయాలు. అంతటితో ఆగక, మేము కావాలని పెట్టుకున్న ‘వెరిఫికేషన్ ఆన్ రీబిల్డ్’ను మాకు చెప్పకుండా తీసివేశారు. అది లేకపోతే రీబిల్డ్ వేగంగా జరుగుతుంది, కానీ కొన్ని జ్యామితి దోషాలు పట్టుబడకుండా జారిపోతాయి. ఇటువంటి సేవ ఎవరైనా ఇవ్వజూపితే, ఏ సెట్టింగు మారుస్తారో ముందే రాసి ఇవ్వమనండి.

చివరకు ఉపశమనం దొరికినది మోడళ్లను తేలిక చేయడంలోనే. పెర్ఫార్మెన్స్ ఇవాల్యుయేషన్ సాధనం ఏ భాగం ఎంత సమయం తింటోందో చూపించింది. తయారీదారుల నుంచి దింపుకున్న గేర్‌మోటార్ల స్టెప్ ఫైళ్లలో (వివిధ క్యాడ్ సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే 3డీ ఫైళ్లలో) లోపలి బేరింగుల దాకా అన్నీ ఉంటాయి. వాటిని డీఫీచర్ చేశాము, అంటే అనవసర వివరాలు తీసేశాము. బోల్టులకు నిజంగా కోసిన మరలు తీసేసి కాస్మెటిక్ థ్రెడ్ (మరను గుర్తుగా మాత్రమే చూపేది) పెట్టాము. ఫైళ్లను నెట్‌వర్క్ డ్రైవ్ నుంచి కాక లోకల్ ఎస్‌ఎస్‌డీ నుంచి తెరుస్తున్నాము.

మీరు కొనేటట్లయితే, మీ అన్నింటికంటే బరువైన అసెంబ్లీని ప్యాక్ అండ్ గోతో (అసెంబ్లీ ఫైళ్లన్నీ ఒకచోట చేర్చే సదుపాయంతో) పట్టుకెళ్లి, కొనబోయే యంత్రంపైనే తెరిపించి, కంట్రోల్ క్యూతో పూర్తి రీబిల్డ్ చేయించి, మీ ప్రస్తుత యంత్రంలో పట్టే సమయంతో పోల్చండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనవద్దు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పూర్తి మోడల్ పేర్లు, వాపసు షరతు కొటేషన్‌లోనూ బిల్లులోనూ ఉండాలి. ఎందుకంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని వినియోగదారులుగా పరిగణించదు; స్వయం ఉపాధితో జీవనం సాగించడానికే కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. మా బిల్లు సంస్థ పేరు మీద ఉందని విక్రేత ఇప్పుడు ఈ మాటే అడ్డుపెడుతున్నారు. సొంతంగా పనిచేసుకునే ఫ్రీలాన్స్ డిజైనర్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.