మొక్కల పట్టికలో మిగిలిన తప్పుల జాడ

తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తూ, 2021 నుంచి గూగుల్ డాక్స్, షీట్స్‌లను తరగతి పనికి వాడుతున్నాను. కొంతకాలం గూగుల్ వారి డిజిటల్ బల్ల అయిన జామ్‌బోర్డు కూడా వాడాము గానీ 2024 డిసెంబరు 31తో ఆ సేవ ముగిసింది. ముందే ప్రకటన వచ్చినందున మా బొమ్మలన్నీ పీడీఎఫ్‌లుగా దించి పెట్టుకున్నాము.

మా ప్రధానమైన పని శేషాచలం కొండల మొక్కల పట్టిక. స్థానిక నామం, శాస్త్రీయ నామం, కుటుంబం, ఫోటో మొదలైన వివరాలను విద్యార్థులే ఒకే షీటులో నింపుతారు. ఒకసారి ఎర్రచందనం వరుసలో ఒక అబ్బాయి కుటుంబం దగ్గర శ్రీగంధం కుటుంబమైన ‘సాంటలేసీ’ అని రాశాడు; పేరులోనే చందనం ఉంది గదా అని అతని లెక్క. ఆ రాత్రే ఒక అమ్మాయి దాన్ని చెరిపి చిక్కుడు కుటుంబమైన ‘ఫాబేసీ’ అని పెట్టింది. తెల్లవారేసరికి మళ్లీ సాంటలేసీ వచ్చి కూర్చుంది. నేను దిద్దకుండా, ‘కారణం రాయండి’ అని మాత్రం కామెంటు పెట్టాను. చుట్టూ పలుచని రెక్కలాంటి అంచు ఉన్న గుండ్రని కాయ ఫోటోను ఆ అమ్మాయి జతచేసి, ఎర్రచందనం శాస్త్రీయ నామంలోని టెరోకార్పస్ అంటే రెక్కల కాయ అనే అర్థమని, శ్రీగంధానికి కాసేది కండ గల పండని రాసింది. అబ్బాయి తానే సెల్ మార్చాడు. కంప్యూటరులో ఆ సెల్ ఎడిట్ హిస్టరీ తెరిస్తే ఈ వాదమంతా ఇప్పటికీ కనిపిస్తుంది. నల్లబల్ల మీద అయితే డస్టరుతో పోయేది. ఈ సాధనాలను నేను వదలకపోవడానికి కారణం అదే.

బస్సులో ఫోను నొక్కుతూ ఒకరు మొత్తం నిలువు వరుసనే చెరిపేసిన రోజు కూడా, వెర్షన్ హిస్టరీ నుంచి పాత ప్రతిని పది నిమిషాల్లో తిరిగి తెచ్చుకున్నాము.

అయితే ఆ హిస్టరీని నమ్మి మార్కులు వేయడం నేను చేసిన పొరపాటు. సిగ్నల్ సరిగా అందని ఊళ్ల పిల్లలు నోటుపుస్తకంలో రాసుకొచ్చి స్నేహితుల చేత టైపు చేయిస్తారు; పేరు మాత్రం టైపు చేసినవారిదే పడుతుంది. మొదటి ఏడాది అలా కొందరికి అన్యాయం జరిగిందని తరువాత గ్రహించి, ‘మొక్కను చూసినవారు’ అనే గడిని చేర్చాను. లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయవచ్చునన్న అమరికను కూడా మానుకున్నాను. లాగిన్ కానివారు జంతువుల పేర్లతో కనిపిస్తారు గనుక ఎవరు ఏమి మార్చారో తేలదు. ఒక ఫైలును ఒకేసారి నూరు మంది వరకు ఎడిట్ చేయవచ్చు గనుక మా తరగతికి ఇబ్బంది రాలేదు గానీ, చిన్న ఫోనులో పది గడుల పట్టికను జరుపుకుంటూ నింపడం నిజంగా విసుగే. ‘కొండగోగు’, ‘కొండ గోగు’ అని రెండు విధాలుగా రాస్తే వెతుకులాటలో ఒకటి దొరికి మరొకటి తప్పిపోతుంది.

నలుగురి చేత ఒకే డాక్‌లో వ్యాసం రాయించడం మాత్రం మానేశాను. ఒకరు రాస్తే మిగిలిన ముగ్గురు కామాలు దిద్దేవారు.

మొదట పట్టికలో ‘చూసిన చోటు’ అనే గడి కూడా ఉండేది. ఎర్రచందనం దొంగరవాణా ఉన్న ప్రాంతం మనది. పైగా ఈ కొండలకే పరిమితమైన సైకస్ బెడ్డోమై వంటి అరుదైన మొక్క ఎక్కడుందో నలభై మంది చేతుల్లో తిరిగే ఫైలులో ఉండకూడదు. ఇప్పుడా గడి లేదు. ఫోటో తీసేముందు కెమెరాలో లొకేషన్ ఆపాలని తొలి తరగతిలోనే చెబుతున్నాను.