టెలీకాస్టర్ తరహా కిట్ గిటార్: విశాఖ ఉప్పుగాలిలో కొన్నేళ్లు వాడాక

ఎలక్ట్రిక్ గిటార్ కిట్ (విడిభాగాలుగా వచ్చే గిటార్) కొనేవాళ్లు అసలు కొంటున్నది నెక్, అంటే తీగల కింద మన వేళ్లు నడిచే పొడుగు కర్ర. మిగతావన్నీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. 2021లో తెప్పించుకున్న టెలీకాస్టర్ తరహా కిట్‌ను ఇంట్లోనే బిగించుకుని, ఎంవీపీ కాలనీలో సముద్రం గాలి నేరుగా తగిలే ఫ్లాట్‌లో అప్పటి నుంచీ వాయిస్తున్నాను. పెట్టెలో వచ్చిన వాటిలో ఇప్పటికీ గిటార్ మీద ఉన్నవి బాడీ, నెక్, బాడీ మీద తీగల చివర్లు ఆనే బ్రిడ్జి ప్లేటు, తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌లు. తతిమ్మావన్నీ మారిపోయాయి. అయినా దీన్ని మంచి కొనుగోలు అనే అంటాను. నేను చదివిన సమీక్షలు చాలావరకు చలిదేశాల వాళ్లవి. మన తీరంలో వాడేవాళ్లకు అవి సగమే పనికొస్తాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ నమూనానే ఎంచుకోవడానికి కారణం ఉంది. లియో ఫెండర్ 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో తెచ్చిన గిటార్‌కే 1951లో టెలీకాస్టర్ అని పేరు పెట్టారు. త్వరగా తయారు కావాలి, చెడిపోతే సులువుగా బాగుపడాలి అని వేసిన డిజైన్ ఇది. బాడీ ఒక చదునైన పలక. నెక్‌ను జిగురుతో అతికించరు, నాలుగు స్క్రూలతో బిగిస్తారు. స్క్రూడ్రైవర్, డ్రిల్లు, సోల్డరింగ్ ఐరన్ ఉంటే బాల్కనీలో కూర్చుని కట్టుకోగలుగుతున్నామంటే ఆ నాలుగు స్క్రూల పుణ్యమే. పైగా ఇందులో ట్రెమొలో (స్వరాన్ని ఊపే మీట) స్ప్రింగులు ఉండవు. తుప్పు పట్టే ఇనుము ఎంత తక్కువ ఉంటే విశాఖలో అంత మేలు.

బాడీ బాస్‌వుడ్. తేలికైన, మెత్తటి కర్ర. గోరుతో గట్టిగా నొక్కితే గుంట పడుతుంది. ఒకే స్క్రూను నాలుగైదు సార్లు విప్పి బిగిస్తే పట్టు వదిలేస్తుంది. అగ్గిపుల్లకు ఫెవికాల్ రాసి ఆ రంధ్రంలో దించి, ఆరాక మళ్లీ బిగిస్తే సరిపోతుంది. స్ట్రాప్ బటన్ దగ్గర అలాగే చేశాను, ఇప్పటికీ కదల్లేదు. నెక్ మేపుల్, గట్టి కర్ర. దానికి బిగించే స్క్రూల మరలకు ముందుగా కొవ్వొత్తి మైనం రాయాలి, లేకపోతే సగంలో తల తెగి లోపలే ఉండిపోయే ప్రమాదం ఉంది.

పెట్టె విప్పిన రోజే నెక్‌ను పరీక్షించండి. స్క్రూలు లేకుండా దాన్ని బాడీ గాడిలో కూర్చోబెట్టి, నెక్ పట్టుకుని మెల్లగా పైకెత్తాలి. కింద మెత్తటి పరుపు ఉండాలి సుమా. బాడీ జారకుండా వేలాడితే గాడి సరిగ్గా కోశారన్నమాట. నాది వేలాడింది. తర్వాత నెక్‌ను కంటి ఎత్తులో పట్టుకుని అంచు వెంబడి చూడాలి. వంపు ఉంటే లోపలున్న ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని తిప్పి సరిచేసుకోవచ్చు. మెలిక ఉంటే మాత్రం ఆ కిట్ వెనక్కి పంపేయడమే. 10 నుంచి 46 గేజి (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగల సెట్ మామూలు ట్యూనింగ్‌లో మొత్తం 45 కేజీలకు పైగా బలంతో లాగుతుంది. ఆ బలాన్ని రాత్రింబగళ్లు మోయాల్సింది ఈ కర్రే.

నెక్, బ్రిడ్జి ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడ్డానికి గాలం వేసే నైలాన్ దారాన్ని మించింది లేదు. మన ఊళ్లో దానికి కరువా? నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) రెండు చివరల నుంచి బ్రిడ్జి దాకా రెండు దారాలు లాగి కడితే, ఫింగర్‌బోర్డు అంచులకు అవి రెండువైపులా సమాన దూరంలో ఉన్నదీ లేనిదీ కంటికే తెలిసిపోతుంది. ఇక దూరం లెక్క. స్కేలు, అంటే నట్ నుంచి బ్రిడ్జికి తీగ పొడవు, 25.5 అంగుళాలు, అంటే సుమారు 648 మిల్లీమీటర్లు. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కు (మెట్టుకు) 324, అక్కడి నుంచి మొదటి తీగ శాడిల్‌కు, అంటే బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే చిన్న దిమ్మకు, మళ్లీ 324. లావు తీగల శాడిళ్లు ఇంకాస్త వెనక్కి జరగాలి. బొబ్బిలి వీణ మీద 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి, శ్రుతి తేడా వస్తే మైనం కరిగించి మళ్లీ పేర్చుకునే వీలుంది. గిటార్‌లో ఫ్రెట్ గాళ్లు ముందే కోసేసి ఉంటాయి, సవరణంతా బ్రిడ్జి వైపే చేసుకోవాలి. అందుకే బ్రిడ్జి రంధ్రాలు వేసే ముందు ఎన్నిసార్లు కొలిచినా ఎక్కువ కాదు.

పాలిష్ విషయంలో నాకు దారి చూపించింది మా వీధిలోని ఫర్నిచర్ షాపు మేస్త్రి. "ముసురులో లక్కర్ ఎయ్యకండి బాబూ, తెల్లగా పట్టేస్తాది" అన్నాడు. అది అక్షరాలా నిజం. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత పైభాగం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు పట్టి, పూత పాలలా తెల్లబడిపోతుంది. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు తేమ ఎక్కువే కాబట్టి సంక్రాంతి వెళ్లాక, పొద్దెక్కి గాలి కాస్త పొడిబారాక పని పెట్టుకున్నాను. 320 నంబరు సాండ్ పేపర్, సీలర్ (కర్ర రంధ్రాలు మూసే తొలి పూత), మళ్లీ పేపర్, తర్వాత పల్చటి పూతలు. పూత పైకి ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా ఏదీ బిగించకూడదు. ఇన్నేళ్ల చెమటకు కూడా ముంజేయి ఆనే చోట జిగట రాలేదు. థిన్నర్ ఆవిరికి మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు. కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనుక్కోండి, పిల్లలున్న ఇంట్లో ఈ పని గదుల్లో అస్సలు చేయకండి.

ఫ్రెట్ల మీద పెట్టినంత సమయం ఇంక దేని మీదా పెట్టలేదు. కిట్‌లో వచ్చే ఫ్రెట్లు అన్నీ ఒకే ఎత్తులో ఉండవు. ఒక్కటి ఎత్తుగా ఉన్నా దాని ముందున్న స్వరం గరగరలాడుతుంది. ఫ్రెట్ల తలలకు మార్కర్ రాసి, వంకర లేని అల్యూమినియం బార్‌కు సాండ్ పేపర్ అంటించి మెల్లగా నడిపితే ఎత్తుగా ఉన్నవాటి మీద మాత్రమే ఇంకు పోతుంది. అన్నింటి మీదా సన్నగా చెరిగేదాకా ఓపిక పట్టాలి. ఆపైన చదునైన తలలను ప్రత్యేకమైన ఫైలుతో మళ్లీ గుండ్రంగా తేవాలి. చివరి మెరుగుకు స్టీల్ ఊల్ వాడేటప్పుడు పికప్‌లను టేపుతో మూసెయ్యాలి, ఆ రజను అయస్కాంతాలకు అంటుకుంటే ఒక పట్టాన వదలదు. ఈ పని అయ్యాక 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.7 మిల్లీమీటర్లకు దించినా గరగర లేదు. నట్ మాత్రం ప్లాస్టిక్‌ది తీసేసి ఎముకది పెట్టాను. తీగ గాడిలో ఇరుక్కోకుండా జారుతుంది, ట్యూనింగ్ నిలబడుతుంది.

కిట్ వైరింగు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. స్విచ్ మొదటి వానాకాలానికే చిటపటమంది, వాల్యూమ్ పాట్ (తిప్పి శబ్దం పెంచే, తగ్గించే భాగం) కూడా అదే దారి పట్టింది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లకు సరిపోయే 250 కిలోఓమ్‌ల పాట్‌లు, మంచి స్విచ్ పెట్టి, లోపలి గాళ్లకు రాగి టేపు అంటించి ఎర్త్‌కు కలిపాను. మన కరెంటు 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత పూర్తిగా పోదు, అది ఈ రకం పికప్‌ల స్వభావమే. టేపు తర్వాత బాగా తగ్గింది. ఇంటి ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. దీన్ని ఏ కిట్ సమీక్షలోనూ చూడలేదు గానీ, మోతకూ భద్రతకూ కూడా ముఖ్యమే.

తుప్పు సంగతి. ఫ్రెట్లు నికెల్ సిల్వర్, అంటే రాగి, జింకు, నికెల్ కలిసిన లోహం. వాటికి తుప్పు రాదు, మెరుపు తగ్గుతుంది అంతే. శాడిళ్ల ఎత్తు మార్చే చిన్న స్క్రూలు మాత్రం బిగుసుకుపోయాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాక మళ్లీ ఆ బాధ లేదు. మామూలు తీగలు బీచ్ వైపు ఇంట్లో ఎంతోకాలం ఉండవు. ఎలిక్సర్ లాంటి పూత తీగలు ఖరీదైనా నా లెక్కలో అవే చవక. వాయించాక పొడి నూలు గుడ్డతో తుడవడం, కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడప్పుడు మార్చడం తప్పనిసరి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పు నాబ్‌లు, అంటే పాట్‌లను తిప్పే బిళ్లలు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మలు తెలియనివాళ్లు ఇక్కడెవరున్నారు? 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కళ అది. అక్కడ అంకుడు కర్రతో, లక్క రంగులతో రెండు నాబ్‌లు చేయించుకున్నాను. తిరిగే కర్రకు లక్క బిళ్ల ఆనిస్తే ఆ రాపిడి వేడికే రంగు కరిగి పడుతుంది. రంధ్రం చెప్పేటప్పుడు జాగ్రత్త. కొన్ని పాట్‌ల కాడ 6 మిల్లీమీటర్లు, కొన్నింటిది పావు అంగుళం, అంటే 6.35. పాట్‌నే వెంట తీసుకెళ్లడం మంచిది. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఈ గిటార్‌ను ఎండలో ఆపిన కారులో వదలను.

నేను వాయించేది ఎక్కువగా కర్ణాటక వర్ణాలు, పాత సినిమా పాటలు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కర్ణాటక సంగీతానికి ఒప్పించేటప్పుడు జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గమకానికి తీగ వేలికి లొంగాలి. కొన్న గిటార్‌ను మన చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చన్న ధైర్యం నాకు ఆయన వాయిద్యం చూసే వచ్చింది. నేను 10 గేజి వదిలి 9కి వచ్చాను. తీగల లాగుడు తగ్గింది కాబట్టి ట్రస్ రాడ్ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది, నట్ గాళ్లూ సరిచూశాను. గమకాలు ఇప్పుడు చాలా హాయిగా పలుకుతున్నాయి.

ఖర్చు కలిసొస్తుందని కిట్ కొనొద్దు. మార్చిన భాగాలు, ఫైళ్లు, పాలిష్ కలిపితే కిట్ ధర దాటిపోయింది. ఆ డబ్బుకు యమహా పసిఫికా లాంటి తయారు గిటార్ దొరుకుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లు అదే తీసుకోవాలి. ఇప్పటికే వాయిస్తూ, తన వాయిద్యం లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం కిట్‌నే చెబుతాను. ఫ్రెట్ ఫైలు, నట్ ఫైళ్లు ఖరీదైనవి, ఏడాదికి ఎప్పుడో ఒకసారి బయటికి తీస్తాం. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సెట్ కొనుక్కుంటే సరిపోతుంది. నా సెట్ ఇప్పుడు మధురవాడలో ఒక స్నేహితుడి దగ్గర ఉంది, ఆయన కిట్‌కు ఈ వారమే ఫ్రెట్ల పని మొదలుపెట్టాం.