వితంతు గవర్నెస్ కథ: ఆమె నోట వింటే మేలా, డిటెక్టివ్ వెంట నడిస్తే మేలా?

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో భర్తను పోగొట్టుకొని, చేతిలో పైకం లేక, పల్లెటూరి పెద్దింట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పడానికి కుదిరిన ఒక స్త్రీ, ఆ ఇంట్లోనే ప్రాణాపాయంలో పడడం చారిత్రక నేర నవలకు బాగా అచ్చివచ్చిన ఇతివృత్తం. ఇటువంటి నవల రాయబూనినవారు మొట్టమొదట తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. కథను ఆ గవర్నెస్ చేతనే చెప్పించాలా, లేక లండన్ నుంచి దిగిన డిటెక్టివ్ వెంట పాఠకుణ్ణి నడిపించాలా? రెంటిలోనూ మంచి నవలలు రావచ్చు గాని, నా మొగ్గు మాత్రం మొదటిదాని వైపే. అందుకు కారణం భావోద్వేగం కాదు, ఆనాటి చట్టం.

ముందుగా వితంతువు అన్న మాట గురించి కొంత చెప్పుకోవాలి. ఆ మాట వినగానే తెలుగు పాఠకుడికి 1881లో రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన పెళ్లీ, దాని చుట్టూ రేగిన వెలి గొడవలూ మనసులో మెదులుతాయి. ఇంగ్లండు వితంతువుకు మళ్లీ పెళ్లాడడానికి అడ్డేమీ లేదు. పైగా భర్త ఉన్న స్త్రీకి లేని స్వేచ్ఛ చట్టం దృష్టిలో ఆమెకు ఉండేది: తన పేర ఆస్తి ఉంచుకోవచ్చు, ఒప్పందం రాసుకోవచ్చు, దావా వేయవచ్చు. 1870, 1882 సంవత్సరాల చట్టాలు వచ్చేదాకా, ప్రత్యేకమైన ఒడంబడిక ఏదీ లేకపోతే, పెళ్లితో భార్య సొమ్ము చాలావరకు భర్త చేతికి పోయేది. కనుక ఏ దూరపు బంధువో రాసిచ్చిన చిన్న ఆస్తి ఉన్న వితంతు గవర్నెస్‌కు, ఎంతో మర్యాదగా పెళ్లి మాట ఎత్తిన యజమానే అందరికంటె ప్రమాదకరమైన మనిషి కావచ్చు.

ఇక డిటెక్టివ్ దారి చూద్దాం. దానికి గల మొదటి బలం కదలిక. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో డిటెక్టివ్ శాఖ 1842లో ఎనిమిది మందితో మొదలైంది. 1856 చట్టంతో ప్రతి కౌంటీలోనూ పోలీసు దళం తప్పనిసరి అయింది. కాబట్టి 1860 ప్రాంతంలో కథ పెట్టుకుంటే, స్థానిక పోలీసులు చెడగొట్టిన కేసును సరిదిద్దడానికి రైల్లో వచ్చే ఇన్‌స్పెక్టరు నమ్మదగిన పాత్రే అవుతాడు. ఆ సంవత్సరమే, అప్పటి విల్ట్‌షైర్‌లోని రోడ్ అనే ఊళ్లో, కెంట్ కుటుంబంలో మూడేళ్ల పిల్లవాడు హత్యకు గురైన కేసు ఇందుకు సిద్ధంగా ఉన్న ఉదాహరణ. ఆ పిల్లవాడి తల్లి ఒకప్పుడు అదే ఇంట్లో గవర్నెస్. మొదటి భార్య పోయిన తరువాత యజమాని ఆమెను పెళ్లాడాడు. దర్యాప్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ విచర్ చాకలి పద్దు పట్టుకున్నాడు. అందులో రాసి ఉన్న ఒక రాత్రి గౌను చాకలి ఇంటికి చేరలేదు. ఆ ఒక్క లెక్క తేడా మీద ఆధారపడి, సవతి అక్క అయిన పదహారేళ్ల కాన్స్టెన్స్ మీద ఆయన అనుమానం నిలిపాడు. నేర నవలకు ఇంతకంటె మంచి ఆధారం ఊహించి పెట్టడం కష్టం.

అయితే ఆ కేసే ఈ దారిలోని బలహీనతను కూడా చూపుతుంది. తోటమాలి కొడుకైన ఒక పోలీసు పెద్దింటి ఆడపిల్ల లోబట్టల లెక్క అడగడం లోకానికి సహించరాని పని అయింది. కాన్స్టెన్స్‌ను వారం రోజుల్లోనే విడిచిపెట్టారు, విచర్ నిందల పాలయ్యాడు. 1865లో ఆమె తానే నేరం ఒప్పుకున్నాక గాని ఆయన మాట నిజమని తేలలేదు. అంటే డిటెక్టివ్ కంటితో చూసే నవల ఆ ఇంటి గుమ్మం దగ్గర ఎప్పుడూ కాస్త ఆగిపోతూనే ఉంటుంది. అతనికి చూపించినదే అతడు చూస్తాడు.

గవర్నెస్‌కు ఆ గుమ్మం లేదు. ఆమె ఇంటివారితో పూర్తిగా కలిసినది కాదు, పనివారితోనూ కలిసినది కాదు. విందు ఉన్న రాత్రి ఆమె భోజనం పళ్లెంలో పైగదికి వస్తుంది. ఎవరు మెట్లు ఎక్కారో, ఎవరి గదిలో దీపం ఆలస్యంగా ఆరిందో ఆమెకు తెలుస్తుంది. ఏడాదికి సాధారణంగా 20 నుంచి 45 పౌండ్ల జీతం మీద బతికే మనిషి, తెలిసిన విషయాన్ని బయటపెడితే మంచి నడవడిక ఉత్తరం దక్కదు, అది లేనిదే మరో ఇల్లు దొరకదు. 1851 జనాభా లెక్కల్లో దాదాపు 25,000 మంది గవర్నెస్‌లు ఉన్న దేశంలో, ఆమె వదిలిన చోటు మర్నాటికే నిండుతుంది.

ఆమెకు ఉచ్చు బిగించే తీరు కూడా ఆమె నోటనే బాగా పలుకుతుంది. 1851 చట్టం ప్రకారం పాషాణం (ఆర్సెనిక్ విషం) అమ్మే దుకాణదారు కొన్నవారి పేరు, ఊరు, వృత్తి, ఎందుకు కొన్నారో పుస్తకంలో రాసి సంతకం తీసుకోవాలి; చిన్న మొత్తమైతే మసి గాని నీలిరంగు గాని కలిపి ఇవ్వాలి. యజమానురాలు ఎలుకల మందు తెమ్మని పంపుతుంది. గవర్నెస్ చేతి తొడుగు తీసి, నల్లటి సంతాప దుస్తుల అంచు బల్లకు తగలకుండా సర్దుకొని, "ఎలుకలకు" అని రాసిన గడి పక్కన తన పేరు పెడుతుంది. డిటెక్టివ్ నవలలో ఆ సంతకం ఒక సాక్ష్యం. ఆమె నవలలో అది వేళ్లకు అంటిన సిరా, ఆరు వారాల తరువాత గుండెలు జారిపోయే జ్ఞాపకం.

అన్నిటికంటె బలమైన కారణం ఇది. ఇంగ్లండులో హత్యా నేరం మోపబడిన మనిషికి తన విచారణలో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే హక్కు 1898 దాకా లేదు. 1836 నుంచి వకీలు ఆమె తరఫున జ్యూరీతో మాట్లాడగలడు గాని, ఆమె మాత్రం సాక్షి బోను ఎక్కడానికి వీల్లేదు. కోర్టు వినిపించుకోని గొంతును పాఠకుడు మూడు వందల పుటలు విన్న తరువాత, విచారణ ఘట్టంలో ఆమె మౌనంగా నిలబడి ఉండడం ఎంతటి డిటెక్టివ్ తర్కానికీ అందని ఉత్కంఠను ఇస్తుంది.

దీనికి చెల్లించవలసిన ధర లేకపోలేదు. "నేను" అని చెప్పే మనిషి బతికే ఉందని పాఠకుడికి ముందే తెలిసిపోతుంది. చాటు నుంచి మాటలు వినే ఘట్టాలు రెండుకు మించితే నవ్వు వస్తుంది. దినచర్యగా రాయిస్తే మొదటి లోపం తీరుతుంది, ఎందుకంటే దినచర్య ఏ పుటలోనైనా ఆగిపోవచ్చు. ఉత్తరాలు, మరణ విచారణ వాంగ్మూలాలు కలిపి కుట్టే మూడో పద్ధతి కూడా ఉంది గాని, ప్రతి గొంతుకూ వేరు నుడికారం పట్టగల చేయి తిరిగిన రచయితలకే అది లొంగుతుంది. నేరం మూలం ఇంటి బయట, బీమా కంపెనీ కాగితాల్లోనో లండన్ వకీలు గదిలోనో ఉంటే మాత్రం డిటెక్టివే మేలు. అక్కడికి వెళ్లడానికి గవర్నెస్‌కు సెలవు దొరకదు.