బాణం ఎటు చూపిస్తోంది? ఒక సైన్స్ బొమ్మల పుస్తకం గురించి

మా అమ్మాయి కోసం ఈ సైన్స్ బొమ్మల పుస్తకం కొన్నాను. పేజీకో పెద్ద రంగుల బొమ్మ, కింద నాలుగు ముక్కల వివరణ. కాగితం మందం, అచ్చు శుభ్రం. రెండు నెలలు వాడాక రాస్తున్నా.

మొదటి చిక్కు ఆహార గొలుసు దగ్గర వచ్చింది. గడ్డి నుంచి మిడతకు, మిడత నుంచి కప్పకు బాణాలు వేశారు. "గడ్డి మిడతను తింటుందా నాన్నా?" అంది. నవ్వొచ్చింది కానీ తప్పు దానిది కాదు. శక్తి ఎటు వెళ్తుందో చెప్పే బాణం అది. ఆ ఒక్క వాక్యం పేజీలో ఎక్కడా లేదు. అదే బాణం ఇంకో పేజీలో కాంతి కిరణం, మరో పేజీలో బలం, కంటి బొమ్మలోనేమో భాగాల పేర్లు చూపించే ఉత్త గీత. పిల్లలు దేన్ని ఏమని చదువుకోవాలి?

గుండె పేజీ మాత్రం చాలా బాగుంది. ఎడమ జఠరిక, అంటే గుండెలో ఎడమవైపు కింది గది, బొమ్మలో మనకు కుడివైపు కనిపిస్తుంది. ఎందుకంటే ఎదురుగా నిలబడ్డ మనిషి గుండెను చూస్తున్నట్టు గీస్తారు. పక్కన చిన్న మనిషి బొమ్మ వేసి మరీ చూపించారు. నీలం రంగు గుర్తు కోసమేననీ, ఆక్సిజన్ తక్కువున్న రక్తం కూడా ముదురు ఎరుపుగానే ఉంటుందనీ రాశారు. సిగ్గు విడిచి చెబుతున్నా, ఇన్నేళ్లూ నేను సిరల్లో పారేది నీలం రక్తమే అనుకున్నా.

సౌరకుటుంబం పేజీ చూస్తే ఒళ్లు మండింది. భూమి కక్ష్యను కోడిగుడ్డులా సాగదీశారు. నిజానికి అది దాదాపు గుండ్రమే. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో దూరమైనా 15.2 కోట్లే. బొమ్మ చూసి మా పిల్ల దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అని తేల్చేసింది. అసలు కారణం, అంటే భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం, ఎక్కడో నాలుగు పేజీల తర్వాత వస్తుంది. సూర్యుణ్ని 10 సెంటీమీటర్ల బంతి అనుకుంటే భూమి గసగసాల గింజంత, అదీ సుమారు 11 మీటర్ల దూరంలో. పేజీలో పట్టదు, ఒప్పుకుంటా. "ఇది కొలత ప్రకారం గీసింది కాదు" అని రాయడానికి జాగా ఉందిగా!

పక్కన కూర్చుని చెప్పే పెద్దవాళ్లుంటే కొనండి. పిల్లలు సొంతంగా చదువుకోవడానికైతే వద్దు. 5కి 3 ఇస్తా, అందులో ఒకటి పూర్తిగా గుండె పేజీకే.

ఆహార గొలుసు బాణాల మీద మా అమ్మాయి పెన్సిల్‌తో "శక్తి ఇటు" అని రాసుకుంది.